నాన్న పోయాక నాటకంలో చేరితే మనసు కుదుటపడుతుందా?

మీ ప్రశ్న చదివాను. నాన్నగారు పోయి ఎనిమిది నెలలైంది, అప్పటినుంచి ఏడుపూ రావడం లేదు, నవ్వూ రావడం లేదు, ఆఫీసు మీటింగుల్లో నోరు పెగలడం లేదు. హైదరాబాద్‌లో మీ స్నేహితురాలు వాళ్ళ నాటక బృందంలో చేరమంటోంది, నటిస్తే లోపలున్నదంతా బయటికి పోయి తేలికపడతావంటోంది. అది నిజమేనా, లేక ఉన్న గాయం ఇంకా రేగుతుందా అన్నది మీ అనుమానం. నేను బ్యాంకు ఉద్యోగం చేసుకుంటూ తెనాలి, గుంటూరు వైపు పరిషత్తు నాటికలు ఆడినవాణ్ణి. తర్వాత దర్శకత్వం వైపు వచ్చాను, రిటైరయ్యాక కాలేజీ పిల్లలకీ మామూలు ఉద్యోగస్తులకీ వర్క్‌షాపులు పెడుతున్నాను. డాక్టర్ని కాదు, సైకాలజిస్టునీ కాదు. రిహార్సల్ గదిలో చూసినవీ, ఆసక్తి కొద్దీ చదివినవీ చెప్తాను, అంతే.

చేరండి. కానీ మీ స్నేహితురాలు చెప్పిన కారణంతో చేరకండి. స్టేజీ మీద సొంత దుఃఖాన్ని కక్కేస్తే పని అయిపోతుందనుకునేవాళ్ళు ప్రతి బ్యాచ్‌లో ఒకరిద్దరు వస్తుంటారు. మొదటి వారం బాగా ఏడుస్తారు, అందరూ చప్పట్లు కొడతారు, ఆ రాత్రి హాయిగా ఉంటుంది. మర్నాటికి మళ్ళీ అదే బరువు, పైగా పరాయివాళ్ళ ముందు బయటపడ్డామన్న సిగ్గు ఒకటి అదనం. మూడో వారానికి రావడం మానేస్తారు. నిలబడి బాగుపడినవాళ్ళని చూస్తే వాళ్ళు చేసిన పని వేరు. ఇంకొకరి దుఃఖాన్ని, ఎవరో రాసిపెట్టిన మాటల్లో, ఒక కొలత ప్రకారం, రోజూ ఒకే వేళకి, పదిమందితో కలిసి మోశారు. అంతా ఇందులోనే ఉంది.

మన పద్యనాటకంలో దీనికి మంచి ఉదాహరణ ఉంది, అందరికీ తెలిసిందే, కాటి సీను. బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి హరిశ్చంద్ర, అందులో జాషువా గారి శ్మశానం పద్యాలు కలిపి పాడటం ఆనవాయితీ. కన్నకొడుకు శవాన్ని తల్లి చేతుల్లో పెట్టుకుని వస్తే తండ్రి కాటి సుంకం అడిగే ఘట్టం అది. తెలుగులో అంతకంటే ఘోరమైన దుఃఖం స్టేజీ మీద ఇంకోటి ఉందనుకోను. అయితే ఆ పాత్ర వేసే నటుడు నిజంగా ఏడిస్తే ఏమవుతుందో తెలుసా? గొంతు పూడుకుపోతుంది, పద్యం ఎత్తుకోలేడు, ఎత్తుకున్నా శ్రుతి తప్పుతుంది, హార్మోనిస్టు తల పట్టుకుంటాడు. దుఃఖం గొంతు దాకా రావాలి, గొంతుని మూసెయ్యకూడదు. ఊపిరి ఎక్కడ తీసుకోవాలి, ఏ పాదం దగ్గర విరవాలి, రాగం ఎంతసేపు లాగాలి, ఇవన్నీ ఆ ఏడుపుని పట్టి ఉంచుతాయి. ఇంకో విషయం చూడండి. జనం వన్స్‌మోర్ అంటే అదే పద్యం మళ్ళీ మొదటినుంచి పాడతాడు! కొడుకు పోయిన తండ్రి, వెనక్కి వెళ్ళి, మళ్ళీ అదే దుఃఖంలోకి, తనంతట తాను నడిచి వస్తాడు. చదువుకున్నవాళ్ళు దీన్ని చూసి నవ్వుతుంటారు, అసహజం అని. నాకు మాత్రం అందులో గొప్ప సంగతి కనిపిస్తుంది. దుఃఖంలోకి కావాలని వెళ్ళొచ్చు, కావాలని బయటికి రావొచ్చు అని శరీరానికి తెలియడం చిన్న విషయం కాదు. దుఃఖంలో ఉన్న మనిషికి అన్నిటికంటే భయం అదే కదా, ఒకసారి తలుపు తీస్తే మళ్ళీ మూయలేనేమో అని.

మాకు తెలిసిన ఒక పెద్దాయన, కొడుకు ప్రమాదంలో పోయిన కొన్నేళ్ళకి ఆ వేషం కట్టారు. ఇంట్లోవాళ్ళు వద్దన్నారు, మేమూ భయపడ్డాం. తర్వాత అడిగితే ఆయన చెప్పింది ఇప్పటికీ గుర్తుంది: పద్యం మొదటి పాదంలో పిల్లాడు గుర్తొస్తాడు, రెండో పాదానికి శ్రుతి గుర్తొస్తుంది, అట్లా అటూ ఇటూ ఊగుతూ పద్యం అయిపోతుంది అన్నారు. ఇంట్లో వాడు గుర్తొస్తే పట్టుకోవడానికి రెండో పాదం లేదట.

ఈ మాటనే డ్రామా థెరపీ వాళ్ళు, అంటే నాటకాన్ని మానసిక చికిత్సగా వాడేవాళ్ళు, వేరే భాషలో చెప్తారు. అమెరికాలో రాబర్ట్ లాండీ అనే ఆయన దీన్ని దూరం లెక్కలో వివరించాడు. కొంతమంది తమ భావాలకి మరీ దగ్గరగా ఉంటారు, ఏం తాకినా మునిగిపోతారు. కొంతమంది మరీ దూరంగా జరిగిపోతారు, ఏం తాకినా ఏమీ అనిపించదు. పాత్ర అనేది ఈ రెంటికీ మధ్య నిలబడే చోటు. ఏడుస్తున్నది నేనే, కానీ నేను కాదు. ఏడుపూ నవ్వూ రెండూ రావడం లేదని మీరు రాసినదాన్ని బట్టి మీరు దూరం జరిగినవాళ్ళలా అనిపిస్తున్నారు. అలాంటివాళ్ళని నేరుగా కదిలించాలని చూస్తే ఇంకా ముడుచుకుంటారు. పాత్ర పక్కదారిన వస్తుంది. మీ గురించి ఎవరూ అడగరు, సుబ్బలక్ష్మి అనే ఆవిడ ఈ సీనులో ఎందుకు కుర్చీలోంచి లేచింది అని అడుగుతారు, మీరు సుబ్బలక్ష్మి గురించి మాట్లాడుతూ మాట్లాడుతూ ఎక్కడో మీ సంగతే చెప్పేస్తారు, అది మీకూ తెలియదు, ఎదుటివాళ్ళకీ తెలియదు. తెలియకపోవడమే మంచిది.

దీనికి చాలా ముందే, 1920ల మొదట్లో, వియన్నాలో జాకబ్ మొరీనో అనే కుర్ర డాక్టరు ఒక నాటకశాల పెట్టాడు. స్క్రిప్టు లేదు, అప్పటికప్పుడు కల్పించుకుని ఆడటమే. అందులో ఒక నటి ఎప్పుడూ శాంతమూర్తుల వేషాలే వేసేది. ఆమె భర్త ఒకరోజు వచ్చి, మీరు దేవత అనుకుంటున్న మనిషి ఇంట్లో అరుస్తుంది, కొడుతుంది అని మొరపెట్టుకున్నాడు. మొరీనో ఆమెకి సలహా చెప్పలేదు, బుద్ధి చెప్పలేదు. వీధిలో తిరిగే, తిట్టే, కొట్లాడే ఆడవాళ్ళ వేషాలివ్వడం మొదలుపెట్టాడు. ఆమె విజృంభించింది. కొన్నాళ్ళకి భర్తే వచ్చి, ఇంట్లో కోపం వచ్చినా మధ్యలో నవ్వేస్తోంది, స్టేజీ మీద చేసింది గుర్తొస్తోందట అన్నాడు. ఈ సంగతి మొరీనో తనే రాసుకున్నాడు. తర్వాత ఆయన అమెరికా వెళ్ళి సైకోడ్రామా అనే పద్ధతిని నిలబెట్టాడు. సైకోడ్రామాలో ఎవరి జీవితాన్ని వాళ్ళే ఆడతారు. అది శిక్షణ ఉన్నవాళ్ళ చేతిలో జరగాల్సిన పని, మామూలు నాటక బృందంలో దాని జోలికి పోకూడదు. కానీ మొదటి సగం, అంటే మనకి అలవాటు లేని వేషం వేసి చూడటం, ఏ బృందంలోనైనా జరుగుతుంది, రోజూ జరుగుతుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక. కొందరు దర్శకులు, ముఖ్యంగా కొత్తగా పుస్తకాలు చదివి వచ్చినవాళ్ళు, ఏడుపు సీను రాగానే నీ జీవితంలో జరిగిన విషాదం గుర్తుతెచ్చుకో అంటారు. రష్యాలో నటన నేర్పిన పెద్ద దర్శకుడు స్టానిస్లావ్‌స్కీ చెప్పాడు అంటారు. చెప్పాడు, మొదట్లో. పెద్దవాడయ్యాక ఆయనే దాన్ని పక్కకి జరిపి శారీరక క్రియల మీద పడ్డాడు, ఆ సంగతి చెప్పరు. ఆయన శిష్యుడు మైకేల్ చెహోవ్ గురించి ఒక కథ ప్రచారంలో ఉంది. పాఠంలో భాగంగా తన తండ్రి అంత్యక్రియల్ని కళ్ళకి కట్టినట్టు చేసి చూపిస్తే స్టానిస్లావ్‌స్కీ పొంగిపోయాడట, తీరా విచారిస్తే తండ్రి బతికే ఉన్నాడట. చెహోవ్ ఆ తర్వాత జీవితమంతా సొంత జ్ఞాపకాలు తవ్వొద్దు, ఊహతో చెయ్యి అనే వాదించాడు. మీ విషయంలో నేను చెహోవ్ పక్షం. ఎనిమిది నెలల దుఃఖం పచ్చిది. దాన్ని సీను కోసం వాడుకోవడం మొదలుపెడితే కొన్నాళ్ళకి అది వాడేసిన సరుకైపోతుంది, నాన్నగారు గుర్తొస్తే కూడా సీను గుర్తొస్తుంది. నాకైతే అది నష్టమే. మీ దర్శకుడు అడిగితే ఇవ్వను అని చెప్పే హక్కు మీకుంది.

శారీరక క్రియలు అన్నాను కదా, అదేంటో చెప్తాను, ఎందుకంటే మీరు రాసిన మీటింగుల సమస్యకి మందు అక్కడే ఉందని నా అనుమానం. ఒక వర్క్‌షాపులో ఒకావిడ, టీచరు, ఇంటి మీద పడి తింటున్న మరిదిని “బయటికి నడువు” అనాలి. డైలాగ్ మూడే మూడు సెకన్లు. ఆవిడ ఎన్నిసార్లు అన్నా కాఫీ తాగుతారా అన్నట్టే ఉండేది. అందరూ నవ్వేవాళ్ళు, ఆవిడా నవ్వేసేది. కోపం తెచ్చుకోమంటే రాదు, కోపం అనేది పిలిస్తే వచ్చేది కాదు. చివరికి డైలాగ్ తీసేశాం. లేచి, తలుపు దాకా నడిచి, తలుపు తీసి, గడియ మీద చెయ్యి ఉంచి, అతను కదిలేదాకా అలాగే నిలబడమన్నాం. చూపు మార్చకూడదు. మొదట్లో ఇబ్బందిగా కదిలిపోయేది, చెయ్యి తీసేసేది. కొన్ని రోజులకి నిలబడటం వచ్చింది. అప్పుడు డైలాగ్ తిరిగి ఇచ్చాం, చాలా మెల్లగా అంది, అరవలేదు, గదిలో అందరం గతుక్కుమన్నాం. ఆవిడకి అది సీనులో మాత్రమే ఉండిపోలేదు. స్కూల్లో తన మీద పడేసిన అదనపు పనికి కుదరదని చెప్పానని తర్వాతెప్పుడో చెప్పింది. ఎలా చెప్పారు అంటే, లేచి నిలబడి చెప్పానండీ అంది!

బ్రెజిల్‌లో అగస్టో బోల్ అని ఒకాయన ఈ పనినే సమాజం స్థాయిలో చేశాడు. అణచివేత ఉన్న ఒక సన్నివేశం ఆడతారు, ప్రేక్షకుల్లో ఎవరైనా ఆపి స్టేజీ ఎక్కి ఆ బాధితుడి చోట నిలబడి వేరే రకంగా చేసి చూపించొచ్చు. బెంగాల్‌లో జనసంస్కృతి అనే సంస్థ ఊళ్ళలో ఈ పద్ధతిని ఎన్నో ఏళ్ళుగా నడుపుతోంది. చూస్తే తమాషాగా ఉంటుంది గానీ, ఒకసారి శరీరంతో చేసిన ఎదురుమాట రెండోసారి అంత భయపెట్టదు.

మీటింగుల్లో నోరు పెగలకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంటుంది. ఎదుటివాళ్ళు మాట్లాడుతున్నంతసేపూ మనం మన తలలోనే ఉంటాం, నా వంతు వస్తే ఏమంటాను అన్న టెన్షన్‌లో. నాటకంలో అది కుదరదు. మీ డైలాగ్ మీకు కంఠతా వచ్చు కాబట్టి దాని గురించి ఆలోచించాల్సిన పని లేదు, ఎదుటివాడు ఈ రోజు ఎలా అన్నాడు, నిన్నటికంటే మెల్లగా అన్నాడా, చూపు తిప్పుకున్నాడా, అది వింటేనే మీ మాట సరైన చోట పడుతుంది. కొత్తవాళ్ళు ముందు తమ పోర్షన్ బట్టీ కొట్టి ఎదుటివాడి చివరి మాట కోసం కాచుకుంటారు, క్యూ పడగానే దూకుతారు. మెల్లమెల్లగా వినడం వస్తుంది. నన్నడిగితే నటన నేర్పే విద్యల్లో పెద్దది ఇదే, మిగతావన్నీ దీని తర్వాతే.

ఇక పెద్దగా ఎవరూ చెప్పని విషయం, రిహార్సల్ టైమ్. సాయంత్రం ఏడింటికి మీరు రాకపోతే ఇంకో నలుగురి సీను ఆగిపోతుంది. మీ కోసం కాదు, మీరు వేస్తున్న అత్తగారి పాత్ర కోసం ఫోన్ చేస్తారు. పలకరింపులకి విసిగిపోయి ఉంటారు మీరు, ఎలా ఉన్నావు, తింటున్నావా, ధైర్యంగా ఉండు అనే మాటలు వినీ వినీ. ఇక్కడ ఎవరూ అవి అడగరు. టీ తెచ్చారా, రెండో సీను మూవ్‌మెంట్స్ గుర్తున్నాయా, ఆ చీర కొంగు అడ్డం పడుతోంది పిన్ను పెట్టుకోండి, ఇదే మాట్లాడతారు. పోయినవాళ్ళ లోటుతో మిగిలిపోయిన మనిషికి ఒకరికి అవసరమయ్యే చోటు ఉండటం ఎంత మేలో మాటల్లో చెప్పలేను. మైసూరులోని రంగాయణ అనే నాటక సంస్థ నటుడు హుళుగప్ప కట్టీమని కర్ణాటక జైళ్ళలో ఖైదీలతో నాటకాలు వేయించారు, శిక్ష పడ్డవాళ్ళు బయటి ఆడిటోరియంలలో కూడా ఆడారు. అక్కడ కూడా పని చేసింది కథలోని నీతి మాత్రమేనని నేననుకోను. నువ్వు రాకపోతే సీను లేదు అని ఒక మనిషికి అనిపించడం కూడా పని చేసి ఉంటుంది.

ఇంత చెప్పాక రెండోవైపు కూడా చెప్పాలి, లేకపోతే అబద్ధం చెప్పినట్టే. నటన దానంతట అదే మనిషిని బాగుచేసేదైతే మా నటులంతా మహర్షులై ఉండాలి. తాగి పోయినవాళ్ళని చూశాం, ఇంట్లో ఎవరితోనూ పొసగనివాళ్ళని చూశాం, ఒక్కసారి హీరో వేషం పోతే మనసు విరిగినవాళ్ళని చూశాం. నాటకమే బతుకైనవాళ్ళ సంగతి మరీ వేరు. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో కీచకవధతో మొదలైన సురభి కుటుంబాలున్నాయి కదా, వాళ్ళకి అది తరతరాల జీవనోపాధి. టిక్కెట్టు తెగిన రోజు ఇంట్లో ఏం జరిగినా తెర లేవాలి, మనసు బాగోలేదు ఈ వేషం వద్దు అనే వెసులుబాటు అక్కడ ఉండదు. మీకుంది. నాటకం మనసుకి మేలు చేసేది ఎక్కువగా ఔత్సాహికులకే అని నా అభిప్రాయం, ఎందుకంటే వాళ్ళకి పాత్ర వద్దనే స్వేచ్ఛ ఉంది, పొద్దున్నే వెళ్ళాల్సిన వేరే ఉద్యోగమూ ఉంది. భరతుడు కూడా నాట్యశాస్త్రం మొదటి అధ్యాయంలో దుఃఖంతో, శ్రమతో, శోకంతో ఉన్నవాళ్ళకి నాట్యం విశ్రాంతినిస్తుందని చెప్పి ఊరుకున్నాడు. జబ్బు నయం చేస్తుందనలేదు.

పాత్రలోంచి బయటికి రావడం గురించి కొత్త బృందాలు అసలు పట్టించుకోవు. పాతకాలం వాళ్ళకి తెలియకుండానే ఒక పద్ధతి ఉండేది. నాటకం అయ్యాక కొబ్బరినూనె రాసి రంగు తుడుచుకోవడానికి బోలెడంత సేపు పట్టేది, విగ్గు తీసి, నగలు లెక్కపెట్టి అప్పజెప్పి, అప్పుడు ఇడ్లీ తిని బస్సెక్కేవాళ్ళు. ఆ గంటలో హరిశ్చంద్రుడు వెళ్ళిపోయి గుమాస్తా తిరిగొచ్చేవాడు. ఇప్పటి నాటికల్లో మేకప్ తక్కువ, మామూలు బట్టలే, అయిపోగానే బైకెక్కి వెళ్ళిపోతారు, పాత్ర కూడా వెంట వెళ్తుంది. అందుకే మా దగ్గర రిహార్సల్ అయ్యాక ప్రతివాళ్ళూ పాత్ర తాలూకు ఒక వస్తువు, కళ్ళజోడో శాలువానో, పెట్టెలో పెట్టి తమ అసలు పేరు చెప్పి, రేపు పొద్దున తాము చేయాల్సిన ఒక పని చెప్పి వెళ్ళాలి. చిన్నపిల్లల ఆటలా ఉందని నవ్వుతారు, నవ్వినా చేస్తారు. ఆఖరి ప్రదర్శన అయిన వారం రోజులు కూడా జాగ్రత్త. అన్నాళ్ళు సాయంత్రాలు నిండుగా ఉండి ఒక్కసారిగా ఖాళీ అవుతాయి, మీలాంటి స్థితిలో ఉన్నవాళ్ళకి ఆ ఖాళీ గట్టిగా తగులుతుంది. ఆ వారానికి ముందే ఏదో ఒకటి పెట్టుకోండి, ఊరు వెళ్ళడమో, అమ్మగారి దగ్గర ఉండడమో.

నిద్ర పట్టకపోవడం వారాల తరబడి ఉన్నా, తిండి సహించకపోయినా, బతకాలని లేదు అన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా, నాటకం సంగతి తర్వాత, ముందు డాక్టరు దగ్గరికి వెళ్ళండి. 14416 కి ఫోన్ చేస్తే టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక సహాయ కేంద్రం వాళ్ళు తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులేమీ తీసుకోరు. ఇప్పటికే మందులు వాడుతుంటే నాటకంలో చేరాను కదా అని ఆపకండి. బ్రిటన్‌లో డ్రామా థెరపిస్టు అని పేరు పెట్టుకోవాలంటే చట్టప్రకారం నడిచే రిజిస్టరులో ఉండాలి. మన దగ్గర వారాంతం వర్క్‌షాప్ పెట్టి హీలింగ్ అని పోస్టర్ వేసేవాళ్ళలో ఎవరు ఏం చదివారో అడిగి తెలుసుకోవాల్సింది మనమే. నటుల్ని పగలగొడితే గానీ నటన రాదు అనే దర్శకుడు కనిపిస్తే చెప్పులు వేసుకుని వచ్చెయ్యండి, మొహమాటపడొద్దు.

ఇప్పుడు మీరు చేయాల్సింది. స్నేహితురాలితో పాటు ఒక స్క్రిప్ట్ రీడింగ్‌కి వెళ్ళండి, వేషం వద్దని ముందే చెప్పండి. ప్రాంప్టర్‌గా కూర్చుంటానని అడగండి. ఏ బృందమూ కాదనదు, ఆ పని చేయడానికి ఎప్పుడూ మనిషి దొరకడు. స్క్రిప్టు మీ చేతిలో ఉంటుంది, ఎవరూ మిమ్మల్ని చూడరు, అయినా మీ గొంతు పలకాలి, సరైన చోట, సరైనంత గట్టిగా. ఒకరు మాట మర్చిపోయి మీ వైపు చూస్తే అందించాలి. స్టేజ్ భయం ఉన్నవాళ్ళని నేను ఇక్కడినుంచే మొదలుపెడతాను. ఆ తర్వాత వేషం ఇస్తామంటే హాస్యపాత్ర అడగండి. గయ్యాళి అత్తో, నోరు ఊరుకోని పక్కింటావిడో అయితే మరీ మంచిది. తండ్రి చనిపోయే సీనున్న నాటికలో కూతురి వేషం మాత్రం ఈ ఏడాది ఎవరిచ్చినా తీసుకోకండి, ఎంత గొప్ప పాత్రైనా సరే. దర్శకుడికి మీ సంగతి ఒక్క ముక్కలో చెప్పి ఉంచండి, బృందం మొత్తానికి చెప్పక్కర్లేదు. ఏ నాటిక ఎత్తుకుంటున్నారో తెలిశాక ఇక్కడ రాస్తే, అందులో మీకు సరిపడే వేషమేదో నాకు తోచింది చెప్తాను.